పోస్టుల లెక్క, కర్మ లెక్క

తిరుమల కొండకు చేరే మొక్కుల్లో ఉద్యోగం మొక్కు వయసులో చిన్నది. సంతానం, పెళ్లి, రోగం, పంట తరతరాలుగా ఉన్న కోరికలు. నెలజీతం, నియామక పత్రం సామాన్యుడి ఊహలోకి వచ్చి మరీ ఎక్కువ కాలం కాలేదు కనుక, వాటి కోసం పసుపు గుడ్డలో ముడుపు కట్టడం కూడా ఆ మేరకు కొత్తదే. అయినా అలిపిరిలో మొదలయ్యే 3,550 మెట్లకూ పసుపు కుంకుమలు పెడుతూ ఎక్కే పాతికేళ్ల పిల్లల్లో చాలామంది కోరిక ఏమై ఉంటుందో విడిగా చెప్పనక్కర్లేదు. డిగ్రీ అయింది, బీఈడీ అయింది, కోచింగ్ అయింది, ఒకటి రెండు నోటిఫికేషన్లు చేజారాయి. ‘వాడి తలరాత అట్లా ఉంది’ అనడం ఇంట్లో మొదలైంది. ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించి. ఉద్యోగం రాకపోవడాన్ని పూర్వకర్మ ఖాతాలో రాయవచ్చా? రాయకూడదని నా వాదన. ఆ రాత అంకెల ముందు నిలవదు, ఈ కొండను ఆశ్రయించుకుని పెరిగిన వైష్ణవ సంప్రదాయం ముందూ నిలవదు. అది తీసేశాక మొక్కుకు ఏం మిగులుతుందన్నది వెంటనే వచ్చే ప్రశ్న. మిగిలేది తక్కువేమీ కాదని కూడా చూపించాలి.

ముందు అంకెలు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు సచివాలయాల కోసం 1,26,728 పోస్టులు ప్రకటించింది. 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. సెప్టెంబరు మొదటి వారంలో పరీక్షలు, అదే నెలలో ఫలితాలు, గాంధీ జయంతి నుంచి కొలువులు. జూలైలో తలరాత బాగాలేని లక్షమందికి పైగా యువతీ యువకులకు అక్టోబరు నాటికి అది బాగుపడిందన్నమాట. ఉపాధ్యాయ పోస్టుల కథ ఇంకా స్పష్టం. 2018 డీఎస్సీ తర్వాత ఏళ్ల తరబడి పెద్ద నియామకం లేదు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, అది రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు మరొకటి వచ్చింది, మూడు లక్షల మందికి పైగా పోటీపడ్డారు. ఈ రెండు ప్రకటనల మధ్య పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలల్లో పదివేల చిల్లర మంది పూర్వజన్మ పుణ్యం ఒక్కసారిగా పండిందని నమ్మడం కష్టం. అభ్యర్థుల తెలివి మారలేదు, చదివిన పుస్తకాలు మారలేదు, పూర్వజన్మ అసలే మారలేదు. ప్రకటనలో అంకె మారింది. దేశం మొత్తం లెక్క చూసినా అంతే. 2023-24 కార్మిక బల సర్వే ప్రకారం అన్ని వయసులవారిలో నిరుద్యోగం 3.2 శాతం ఉంటే, పదిహేను నుంచి ఇరవై తొమ్మిదేళ్ల వారిలో 10.2 శాతం. కర్మకు వయసు పట్టింపు ఉందని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

కర్మవాదం దీనికి ఒక జవాబు చెబుతుంది. అంకె మారడం కూడా కర్మేనట. ఎవరెవరికి ఫలం పక్వమైందో వారందరి కోసమే ఆ ఏడు నోటిఫికేషన్ పడిందట. దీన్ని ఖండించలేం. కానీ ఖండనకు దొరక్కపోవడం దాని బలం కాదు. పోస్టులు ఆరువేలైనా ఈ వివరణ సరిపోతుంది, పదహారు వేలైనా సరిపోతుంది, మొత్తం రద్దయినా సరిపోతుంది. ఏం జరిగినా సరిపోయే వివరణ ఏది ఎందుకు జరిగిందో చెప్పదు. పైగా అది ఎప్పుడూ ఫలితాలు వచ్చాకే నోరు తెరుస్తుంది. హాల్ టికెట్ చూసి ఎవరి కర్మ ఎలాంటిదో ముందే చెప్పగలవారు లేరు. (జాతకాలు చూసేవారి సంగతి వేరు. వారు దక్షిణ మాత్రం ముందే తీసుకుంటారు.)

ఈ మాటతో తర్కానికి జరిగే నష్టం కన్నా న్యాయానికి జరిగే నష్టం పెద్దది. తెలంగాణ గ్రూప్-1 సంగతే తీసుకుందాం. 503 పోస్టులకు 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. నిర్వహణ లోపాల మీద హైకోర్టు సెప్టెంబరులో దాన్నీ కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే ఎత్తివేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఒకే ఉద్యోగానికి ఒకే మనిషి ముచ్చటగా మూడుసార్లు ప్రిలిమ్స్ రాయాల్సి వచ్చింది. ఇది ఎవరి కర్మ? ప్రశ్నపత్రం అమ్ముకున్నవాడి కర్మ అనవచ్చు, అక్కడ ఆ మాట అచ్చంగా అతుకుతుంది; చేసిన పని అన్న అర్థంలో. కానీ మన ఇళ్లలో ఆ మాట లీకు చేసినవాడి మీద పడదు, చదువుకున్నవాడి మీద పడుతుంది. నష్టపోయినవాడి గతజన్మను విచారణకు పిలిచే వేళ, నష్టపరిచినవాడు ఈ జన్మలోనే విడుదలై పోతాడు. అమెరికా కొలువుల సంగతీ ఇంతే. హెచ్-1బీ వీసాలకు ఏటా పరిమితి 85 వేలు. 2023 మార్చిలో వాటి కోసం నమోదైన దరఖాస్తులు 7 లక్షల 80 వేలు, అందులో సగానికి పైగా ఒకే మనిషి పేరున పలు కంపెనీలు వేసినవి. ఎంపిక కంప్యూటర్ లాటరీ. చిలుకూరు బాలాజీ చుట్టూ కోరిక చెప్పుకుంటూ పదకొండు ప్రదక్షిణలు చేసేవారు చాలామంది ఆ లాటరీలో ఉన్నవారే. పేరు రానివారి పుణ్యం తక్కువైందా, వారి కంపెనీ వేసిన దరఖాస్తులు తక్కువయ్యాయా? రెండో ప్రశ్నకు జవాబు వెతకవచ్చు. ఆ తర్వాతి ఏడాది మనిషికి ఒక్క అవకాశమే అని అమెరికా నిబంధన మార్చింది, నమోదులు బాగా తగ్గాయి కూడా.

శాస్త్రం తెలిసినవారి అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం ఒక ప్రశ్న వేసుకుంటుంది. లోకంలో ఇంత హెచ్చుతగ్గు ఉంది కదా, ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ ఉన్నాయనాలా? లేవు, ఆయన జీవుల కర్మను చూసి సృష్టి చేస్తాడని సమాధానం. శంకరులూ రామానుజులూ ఇద్దరూ దీన్ని అంగీకరించారు. కాబట్టి ఉద్యోగం దగ్గర కర్మను పక్కన పెడితే, ఒకరికిచ్చి ఒకరికివ్వని శ్రీనివాసుడు పక్షపాతి అవుతాడు కదా అంటారు. ఆ సూత్రం ఏ పని కోసం పుట్టిందో గమనించాలి. అది దేవుడి మీద వచ్చిన నిందను తొలగించే వాదం. దాన్ని తిప్పి మనిషి మీద నిందగా వాడటం సూత్రకారుడు చేసిన పని కాదు. కర్మ వల్ల కష్టం కలుగుతుందని ఒప్పుకున్నంత మాత్రాన, ఫలానా కష్టం వెనక ఫలానా పాపం ఉందని చెప్పే అధికారం మనకు రాదు. నిప్పు వల్ల పొగ వస్తుంది గనుక కనబడిన మసకంతా పొగేననలేం. కర్మ గతి తెలియరానిదని గీత నాలుగో అధ్యాయం స్పష్టంగానే హెచ్చరించింది. బైబిల్లో యోబు కథ తెలిసినవారికి ఇది కొత్త కాదు. సర్వం పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చిన మిత్రులు, నువ్వేదో పాపం చేసి ఉంటావని పుటలకొద్దీ వాదిస్తారు. చివరికి దేవుడు మందలించింది ఆ మిత్రులనే. అన్ని మతాల్లోనూ ఓదార్చడానికి వచ్చినవాళ్లే ఎక్కువ నేరారోపణ చేస్తారేమో.

అయితే కర్మను కాదంటే మిగిలేది పురుషకారం, కష్టపడితే ఉద్యోగం అదే వస్తుంది అని మరో వర్గం అంటుంది. కోచింగ్ సెంటర్ల గోడల మీద ఈ వేదాంతమే ఉంటుంది. దీనికీ పెద్ద వంశవృక్షం ఉంది. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి చెప్పింది ఇదే ధోరణి: దైవం అని వేరే ఏమీ లేదు, నిన్నటి ప్రయత్నానికే ఆ పేరు. వినడానికి ధైర్యంగా ఉంటుంది. కానీ మెరిట్ లిస్టు దగ్గర ఇది తలరాత సిద్ధాంతానికి కవల సోదరుడు. పదహారు వేల పోస్టులకు మూడు లక్షల మంది సమానంగా కష్టపడినా పదహారు వేల మందికే వస్తాయి. అందరూ రెట్టింపు కష్టపడితే కటాఫ్ పెరుగుతుంది, పోస్టులు పెరగవు. ప్రయత్నం వరసలో నా స్థానాన్ని మార్చగలదు, వరస ఎక్కడ తెగుతుందో మార్చలేదు. తలరాత అన్నా, చాలినంత కష్టపడలేదన్నా ఒకే సంగతి మరుగున పడుతుంది: ఎన్ని పోస్టులు పడ్డాయి, ఎందుకు అన్నే పడ్డాయి. గెలిచినవారికి ఈ రెండో వేదాంతం మరీ ఇష్టం. అదృష్టవంతుడికి అదృష్టం ఒక్కటే చాలదు, దానికి తాను అర్హుణ్నని కూడా అనిపించాలి అని మాక్స్ వెబర్ మతాల మీద రాసిన వ్యాసాల్లో గమనించాడు. ర్యాంకర్ల సన్మాన సభల్లో ఇది కళ్లారా కనబడుతుంది.

ఈ రెండు అతులకూ గీత పద్దెనిమిదో అధ్యాయంలో విరుగుడు ఉంది. ఏ పనికైనా కారణాలు ఐదని అక్కడ లెక్క: అధిష్ఠానం, కర్త, కరణాలు, నానావిధ చేష్టలు, దైవం. ఐదింటిలో కర్త ఒకటి మాత్రమే. తానొక్కడే కర్తననుకునేవాడు సరిగా చూడనివాడని వెంటనే చెబుతుంది కూడా. ఇక్కడ దైవం అంటే తలరాత అని కాకుండా, లోపల ఉండి నడిపించే పరమాత్మ అని రామానుజులు వ్యాఖ్యానించారు. అలాగని జీవుణ్ని కీలుబొమ్మనూ చేయలేదు. జీవుడు చేసిన ప్రయత్నాన్ని ఆధారం చేసుకునే ఈశ్వరుడు అనుమతిస్తాడు, లేకపోతే ఇది చెయ్యి, అది మానుకో అని చెప్పే శాస్త్రానికి అర్థమే ఉండదని శ్రీభాష్యంలో వాదించారు. ఈ చట్రంలో ఒక నోటిఫికేషన్‌ను పెట్టి చూడండి. అభ్యర్థి చదువు ఒక కారణం. మిగతావాటిలో ఖజానా ఉంది, రోస్టర్ ఉంది, కోర్టు కేసు ఉంది, పేపరు దిద్దే విధానం ఉంది. ఫలితం ఒక్కటే కాబట్టి కారణమూ ఒక్కటే అనుకోవడం మన తొందర.

ఇక తిరుమలకే ప్రత్యేకమైన సంగతికి వస్తాను. ఈ కొండ మీది స్వామి కథను స్థలపురాణాలు ఎలా చెప్పాయో ఉద్యోగం లేని పిల్లవాడి కళ్లతో ఒకసారి చదవాలి. భృగువు తన్నిన నేరానికి లక్ష్మి అలిగి కొల్హాపురం వెళ్లిపోయింది. సిరి వెళ్లిపోయిన విష్ణువు దిక్కులేక పుట్టలో తలదాచుకున్నాడు. ఉండటానికి చోటు లేక, ఆ క్షేత్రానికి అప్పటికే యజమాని అయిన వరాహస్వామిని కొద్దిపాటి నేల అడిగాడు. ఇవ్వడానికి పైకం లేదు గనుక తొలి పూజ, తొలి నైవేద్యం నీకే అని మాటిచ్చాడు. పుష్కరిణి ఒడ్డున వరాహస్వామిని ముందు దర్శించుకునే ఆచారానికి ఆ ఒప్పందమే మూలం. అన్నం పెట్టి ఆదుకున్నది వకుళమ్మ. నారాయణవనం ఆకాశరాజు కూతురు పద్మావతిని చేసుకోవాలంటే పెళ్లి ఖర్చుకు చేతిలో కాసు లేదు. కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, పత్రం రాసిచ్చాడు, దానికి బ్రహ్మా శివుడూ సాక్షులు. కలియుగం ముగిసేదాకా వడ్డీ కడుతూనే ఉండాలి. హుండీలో పడే ప్రతి రూపాయీ ఆ వడ్డీలోకేనని జనం నమ్మకం, అందుకే ఆయన వడ్డికాసులవాడు. ఇది చరిత్ర అని నేననడం లేదు. ఒక సమాజం తన ఆరాధ్య దైవాన్ని ఎలా ఊహించుకుంది అన్నదే ఇక్కడ సాక్ష్యం. ఇల్లు లేనివాడు, సంపాదన లేనివాడు, తల్లిలాంటి ఆమె పెట్టింది తిన్నవాడు, పెళ్లికి అప్పు చేసినవాడు. కోచింగ్‌కు అప్పు చేసిన ఇంట్లో, ముప్పై ఏళ్లకూ తల్లి వండింది తింటూ తల దించుకుని తిరిగేవాడికి దీనికన్నా దగ్గరి దేవుడు ఎక్కడ దొరుకుతాడు? మరి ఆ కథలో ఎక్కడైనా స్వామి దారిద్య్రం ఆయన పాపఫలమని ఉందా? లేదు. తన్నింది భృగువు, అలిగింది లక్ష్మి. కష్టం ఆయనది, కారణం బయటిది. ఈ కథను వందల ఏళ్లుగా చెప్పుకుంటున్న ఊళ్లో నిరుద్యోగిని చూసి తలరాత అనడం, ఆ కథను వినకుండా చెప్పుకోవడమే.

దీని మీద వచ్చే మొదటి అభ్యంతరం భక్తుల నుంచే. మొక్కుకున్నాక ఉద్యోగం వచ్చినవారు ఇంతమంది ఉన్నారు కదా, కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చేవారిని అడగండి, మొదటి జీతం హుండీలో వేసేవారిని అడగండి అంటారు. అడిగితే నిజమే చెబుతారు. కానీ మొక్కు తీర్చుకోవడానికి కొండెక్కేది మొక్కు తీరినవారు. తీరనివారు ఆ వరసలో ఉండరు. వారి ముడుపు ఇంట్లో దేవుడి పటం వెనకే ఉంటుంది. గ్రీకు దేశంలో డయాగోరస్ అనే నాస్తికుడికి సమోత్రేస్ ఆలయంలో, మొక్కుకుని తుపాను నుంచి బయటపడ్డ నావికులు సమర్పించిన చిత్రాలు చూపించారట. మునిగిపోయినవారి చిత్రాలు ఎక్కడున్నాయని ఆయన అడిగాడని సిసెరో రాశాడు. రెండు వేల ఏళ్లు దాటినా ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. మొక్కు వల్లే ఉద్యోగం వచ్చిందని లెక్క తేల్చాలంటే, మొక్కుకుని రానివారినీ, మొక్కుకోకుండా వచ్చినవారినీ కూడా పక్కన నిలబెట్టాలి. ఆ పని చేస్తే దేవుడు పోస్టులు పంచుతున్నట్టు రుజువు కాదు, పంచడం లేదనీ రుజువు కాదు. మొక్కు ఆ లెక్క కోసం పుట్టలేదని మాత్రం తెలుస్తుంది.

మరి దేనికోసం? ఇక్కడ ఒక నైతిక చిక్కు ఉంది, దాన్ని దాటకుండా ముందుకు పోలేం. పంట పండాలని మొక్కితే పక్క చేను ఎండనక్కర్లేదు. జబ్బు తగ్గాలని మొక్కితే మరొకరికి జబ్బు రానక్కర్లేదు. పోస్టులు లెక్కకట్టి ఉన్నప్పుడు నాకు రావాలనడమంటే, చివరి వరసలో నిలబడ్డ మరొకరికి రాకూడదనడమే. ఆ మరొకరు కూడా శ్రీవారి మెట్టు వైపునుంచి అదే రోజు ఎక్కుతూ ఉండవచ్చు. ఇద్దరి ముడుపుల మధ్య స్వామి ఏం చేయాలి? సంప్రదాయం దీనికి ఊహించనంత దగ్గర జవాబు ఇచ్చింది. కొండ మీద వైఖానస ఆగమం, కింద తిరుచానూరులో పాంచరాత్రం. ఆ పాంచరాత్ర గ్రంథాల్లో ఒకటైన లక్ష్మీతంత్రం శరణాగతికి ఆరు అంగాలు చెబుతూ మొదటిది ఆనుకూల్యం అంటుంది, అంటే భగవంతుడికి అనుకూలంగా ఉండటం. భగవంతుడు అన్ని ప్రాణుల్లో ఉన్నాడు గనుక, సకల ప్రాణుల పట్ల అనుకూలంగా ఉండటమే దానికి అర్థమని వివరిస్తుంది. రెండోది ప్రాతికూల్య వర్జనం, ఎవరికీ కీడు తలపెట్టకపోవడం. పక్కవాడి ఓటమిని కోరే మొక్కు ఈ మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతుంది. నోటిఫికేషన్ వేళకు పడాలి, పేపరు బయటికి పోకూడదు, ఖాళీలన్నీ నింపాలి, పరీక్ష రోజున నా మనసు చెదరకూడదు అన్న మొక్కు ఆగదు. చిత్రం ఏమిటంటే ఆగని కోరికలన్నీ రాజకీయమైనవి, లేదా స్వభావానికి సంబంధించినవి. ఆగిపోయే ఒక్కటే పోటీకి సంబంధించినది.

ఆరు అంగాల్లో కార్పణ్యం కూడా ఉంది. నా వల్ల కాదని ఒప్పుకోవడం. ఇది ప్రయత్నం మానేయడమా అని శ్రీవైష్ణవుల్లోనే శతాబ్దాలుగా వాదం నడిచింది. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకున్నట్టు జీవుడు పట్టుకోవాలన్నది వడగలై పక్షం. పిల్లి తన పిల్లను నోట కరచుకుపోయినట్టు స్వామే తీసుకుపోతాడన్నది తెంగలై పక్షం. వేదాంత దేశికులు, పిళ్లై లోకాచార్యుల పేర్లతో ముడిపడిన ఈ తగవు మోక్షం గురించినది, డీఎస్సీ గురించినది కాదు. అయినా ఒక విషయంలో రెండు పక్షాలూ కలుస్తాయి. అశక్తి అపరాధం కాదు. తన వల్ల కాని సంగతి ఉందని చెప్పడం శరణాగతికి అర్హత, అనర్హత కాదు. ఉద్యోగ విపణిలో ఇది సరిగ్గా తలకిందులు. అక్కడ తన వల్ల కానిది ఉందని చెప్పినవాడు ఇంటర్వ్యూలోనే బయటికి వస్తాడు. మొక్కుకు నేను చెప్పే విలువ ఇదే. రోజంతా అర్హత నిరూపించుకోవాల్సిన మనిషికి, నిరూపించుకోనక్కర్లేని చోటు ఒకటి ఉండటం. నమ్మాళ్వార్ ఈ వేంకటేశుని పాదాల దగ్గరే శరణు చొచ్చింది గతి వేరే లేదని చెప్పి, తన గుణాల జాబితా చదివి కాదు.

హేతువాది ఇక్కడ పట్టుకుంటాడు. ఇదంతా మత్తు, ఉద్యోగాలు అడగాల్సిన చోట అడగకుండా కొండెక్కించే ఏర్పాటు అంటాడు. కొండెక్కినవారు అడగడం మానేస్తే ఆ మాట నిజమే. కానీ ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం రావని చెప్పడానికి తిరుమల చరిత్రే సాక్షి. స్వామి గర్భాలయం గడప దగ్గర ఎవరికి పని దొరకాలన్న ప్రశ్న చాలాకాలం పుట్టుకతో తేలేది. అర్చకత్వం నాలుగు కుటుంబాల మిరాసీ. పోటులో ప్రసాదాల తయారీకీ మిరాసీదారులే. 1987 నాటి దేవాదాయ చట్టం ఆ వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. అర్చకులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అర్చకుడు చేసే పూజ మతానికి చెందినదే గాని ఆయన నియామకం లౌకిక వ్యవహారమని తేల్చి 1996 మార్చిలో కోర్టు చట్టాన్ని సమర్థించింది. 2007లో చట్టాన్ని మళ్లీ సవరించి వంశపారంపర్య అర్చకులకు కొంత గుర్తింపు తిరిగి ఇచ్చారు. ఆ తీర్పు మంచిదా కాదా అన్నది వేరే చర్చ, నాకు రెండు వైపులా సందేహాలున్నాయి. ఇక్కడ అవసరమైనది ఒక్కటే. సాక్షాత్తు ఆనంద నిలయం కింద కొలువు ఎవరికి దక్కాలన్నది శాసనసభలో, న్యాయస్థానంలో తేలింది. ఆ కొలువు తలరాత అయితే 1987కు ముందొక బ్రహ్మ, తర్వాత ఒక బ్రహ్మ ఉండాలి. స్వామి కొలువే మనుషుల నిర్ణయమైనప్పుడు సచివాలయం కొలువు కాకుండా ఎలా ఉంటుంది?

ఇంకొక ఓదార్పు మన సాహిత్యంలో తేలిగ్గా దొరుకుతుంది, దాన్ని మాత్రం నేను వాడదలచుకోలేదు. సాళువ నరసింహరాయడు తన మీద కూడా శృంగార పదం చెప్పమంటే అన్నమయ్య ఒప్పుకోక సంకెళ్లు వేయించుకున్నాడని ఆయన మనుమడు రాశాడు. విజయనగర కొలువుకు పిలిపించబోయిన విద్యారణ్యులకు వేదాంత దేశికులు వైరాగ్య పంచకం రాసి పంపారని శ్రీవైష్ణవులు చెప్పుకుంటారు. పక్కనే శ్రీకాళహస్తిలో ధూర్జటి రాజసేవను ఏవగించుకుంటూ శతకమే చెప్పాడు. గొప్ప కథలే. కానీ ఇవన్నీ కొలువు గుమ్మం దాకా వచ్చినప్పుడు వద్దన్నవారి కథలు. గుమ్మం దాకా రానివారికి వీటిని వినిపించడం అన్యాయం. నిష్కామ కర్మ కూడా అంతే. ఫలం మీద ఆశ వదులుకోమని అర్జునుడికి చెప్పినప్పుడు అతడి పక్కనే గాండీవం ఉంది, ఎదురుగా చేయాల్సిన పని ఉంది. పనే దొరకనివాడికి పని ఫలాన్ని వదులుకోమని చెప్పడానికి ఏమీ లేదు. దాన్ని చెప్పాల్సింది నియామకాలు చేసేవారికి. వాళ్లకు గీత చాలా ఉపయోగపడుతుంది.

మొక్కుకుని ఉద్యోగం రానివారు స్వామికి ఏమైనా బాకీనా? వర్తకపు లెక్కలో బాకీ లేదు, సరుకు రాలేదు గనుక. శరణాగతి లెక్కలోనూ లేదు, అది షరతు మీద చేసేది కాదు గనుక. పటం వెనక ఉన్న పసుపు ముడుపును విప్పి హుండీలో వేసినా, ఆ డబ్బుతో మరో పరీక్షకు ఫీజు కట్టినా దోషం లేదు. రుణభారం తెలిసిన దేవుడికి ఈ పాటి వాయిదా అర్థం కాకపోదు. బాకీ ఉన్నది వేరే చోట. 2025 డీఎస్సీలో గరిష్ఠ వయసు పరిమితిని 44 ఏళ్లకు పెంచారు. ఏళ్ల తరబడి నోటిఫికేషన్ లేక వయసు దాటిపోతున్నవారికి అది ఊరట, అంతకుమించి ఆలస్యం అభ్యర్థులది కాదని ప్రభుత్వమే సంతకం పెట్టిన పత్రం. ఆ ఏళ్లన్నీ నీ తలరాత అంటూ వచ్చిన బంధువుల నుంచి అలాంటి పత్రం ఇంకా రాలేదు.